పెట్రోల్ కార్లలో డైరెక్ట్ ఇంజెక్షన్

పెట్రోల్‌ను గాలి గొట్టంలోనే గాలితో కలిపేయకుండా, ఎక్కువ ఒత్తిడితో నేరుగా సిలిండర్ లోపలికే చిమ్మే పద్ధతిని డైరెక్ట్ ఇంజెక్షన్ అంటారు. సాంకేతిక గ్రంథాల్లో దీని పూర్తి పేరు గ్యాసొలిన్ డైరెక్ట్ ఇంజెక్షన్, పొట్టి పేరు జీడీఐ. కారు వెనక మాత్రం ఇది కంపెనీకో పేరుతో కనిపిస్తుంది. హ్యుందాయ్, కియా దీన్ని టి-జీడీఐ అంటాయి. ఫోక్స్‌వాగన్, స్కోడాలకు ఇది టీఎస్‌ఐ, ఫోర్డ్‌కు ఎకోబూస్ట్, టాటా మోటార్స్‌కు హైపీరియన్. డీజిల్ ఇంజిన్‌కు ఇంజెక్షన్ పుట్టుకతో వచ్చిన గుణం. పెట్రోల్ ఇంజిన్ మాత్రం దాదాపు వందేళ్లపాటు గాలినీ ఇంధనాన్నీ బయటే కలిపి లోపలికి పీల్చుకుంది. సిలిండర్‌లోకి నేరుగా చిమ్మాలన్న ఆలోచన పాతదే. దాన్ని సామాన్యుడి కారులో నిలబెట్టగల పంపు, ఇంజెక్టర్, కంప్యూటర్ 1990ల దాకా సమకూరలేదు.

కలయిక ఎక్కడ జరుగుతుంది

కార్బొరేటర్ కాలంలో గాలి వేగానికి పెట్రోల్ దానంతటదే పీల్చుకుపోయేది. ఆ తర్వాత వచ్చిన ఎంపీఎఫ్‌ఐలో, అంటే పోర్టు ఇంజెక్షన్‌లో, ప్రతి సిలిండర్‌కూ ఒక ఇంజెక్టర్ ఉంటుంది. అది వాల్వు వెనక, గాలి దారిలో, మూడు నాలుగు బార్ల ఒత్తిడితో పెట్రోల్ చిమ్ముతుంది. భారతదేశంలో 2000 ప్రాంతంలో కాలుష్య నిబంధనలు బిగిసినప్పుడు మారుతి 800 లాంటి చిన్న కార్లు కూడా ఈ పద్ధతికి మారాయి. ఇప్పటికీ దేశంలో తిరిగే పెట్రోల్ కార్లలో ఎక్కువ భాగం ఇవే.

ఎంపీఎఫ్‌ఐలో పెట్రోల్ కొంత వేడి వాల్వు మీద పడి ఆవిరవుతుంది, కొంత గొట్టం గోడకు అంటుకుంటుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీసినా వేసినా ఆ గోడ తడి లెక్క తప్పిస్తుంది. అయినా ఈ పద్ధతిలో తీరిక ఉంది. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో నాలుగు స్ట్రోకుల చక్రం ఒకటి పూర్తి కావడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. వాల్వు మూసి ఉన్నా గొట్టంలోకి చిమ్మవచ్చు కాబట్టి ఆ 20 మిల్లీసెకన్లలో దాదాపు అంతా వాడుకోవచ్చు.

నేరుగా సిలిండర్‌లోకి చిమ్మాలంటే ఆ తీరిక ఉండదు. గాలి పీల్చే స్ట్రోక్ 5 మిల్లీసెకన్లే. ఆ లోపే పెట్రోల్ మొత్తం లోపలికి వెళ్లాలి, ఆవిరి కావాలి, గాలితో కలవాలి. అందుకు చుక్కలు చాలా సన్నంగా ఉండాలి. ఎంపీఎఫ్‌ఐ చుక్క వ్యాసం వంద మైక్రాన్ల పైన ఉంటే, డైరెక్ట్ ఇంజెక్షన్‌లో 15–20 మైక్రాన్లకు దిగాలి. అంత సన్నగా చీల్చడానికి ఒత్తిడి కావాలి. ఈ పద్ధతి ఖర్చు, శబ్దం, రిపేరు తలనొప్పి అన్నీ ఆ ఒత్తిడి నుంచే వచ్చాయి.

పంపు, రైలు, ఇంజెక్టర్

ట్యాంకులో మునిగి ఉండే మామూలు విద్యుత్ పంపు ఇక్కడా ఉంటుంది. నాలుగైదు బార్ల ఒత్తిడితో పెట్రోల్‌ను ఇంజిన్ దాకా తేవడం దాని పని. అక్కడ ఇంజిన్ హెడ్ మీద బిగించిన రెండో పంపు దాన్ని అందుకుంటుంది. అది ఒకే ఒక చిన్న పిస్టన్ ఉన్న హై ప్రెషర్ పంపు. 1990ల చివర వచ్చిన తొలి తరం పంపులు 50 బార్ల దగ్గర పనిచేసేవి. తర్వాత 120, 200 మీదుగా ఇప్పుడు 350 బార్లు మామూలైంది. 500 బార్ల వ్యవస్థలు కూడా తయారయ్యాయి.

ఈ పంపును తిప్పేది విద్యుత్తు కాదు, కామ్‌షాఫ్ట్. వాల్వులను తెరిచే ఆ ఇరుసు చివర మూడు లేదా నాలుగు మొనలున్న అదనపు కామ్ ఒకటి చెక్కుతారు. ఇరుసు తిరిగిన ప్రతిసారీ ఆ మొనలు పంపు పిస్టన్‌ను మూడు నాలుగు సార్లు పైకి తోస్తాయి. మరమగ్గంలో ట్యాపెట్ తిరిగినప్పుడల్లా పడుగు దారాలు లేచి దిగే తీరే ఇది. కామ్‌షాఫ్ట్‌కు ఇది కొత్త బరువు. వాల్వు స్ప్రింగును నొక్కడం ఒక ఎత్తు, వందల బార్ల ఒత్తిడికి ఎదురు తోయడం మరో ఎత్తు. అందుకే ఆ కామ్ ముఖం, దాని మీద దొర్లే రోలరు ఎంతో గట్టిగా ఉండాలి. అరుగుదల మొదలైతే పంపు దెబ్బ తగ్గి, పెట్రోల్ నిల్వ ఉండే రైలు అనే గొట్టంలో ఒత్తిడి పడిపోయి, ఎక్కడో డాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలుగుతుంది.

తెలుగు పద్మశాలీల మగ్గాలకూ చద్దర్లకూ పేరున్న సోలాపూర్ నుంచి ఈ రంగానికి వెళ్తున్న వస్తువు ఈ ఇరుసే. 1992లో స్థాపించిన ప్రెసిషన్ కామ్‌షాఫ్ట్స్ అక్కడి పారిశ్రామికవాడల్లో కామ్‌షాఫ్ట్‌లు పోతపోసి, చెక్కి, జనరల్ మోటార్స్, ఫోర్డ్, హ్యుందాయ్, మారుతి వంటి కంపెనీలకు పంపింది. 2016లో స్టాక్ మార్కెట్‌లోకి వచ్చింది. కరిగిన ఇనుము కామ్ మొన దగ్గర చటుక్కున చల్లారేలా అచ్చులో ఏర్పాటు చేసి, పై పొరను గట్టిపరిచే చిల్డ్ కాస్ట్ ఐరన్ పద్ధతి ఈ సంస్థ ప్రధాన విద్య.

హై ప్రెషర్ పంపు నుంచి పెట్రోల్ ఉక్కు రైలులోకి చేరి నిల్వ ఉంటుంది. రైలు మీది సెన్సర్ ఒత్తిడిని చూస్తూ ఉంటే, పంపు మీది కవాటాన్ని కంప్యూటర్ తెరిచీ మూసీ ఆ ఒత్తిడిని సరిచేస్తుంది. రైలు నుంచి ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్. దాని కొన మంటకు ఎదురుగా ఉంటుంది. కొనకు సాధారణంగా ఐదారు రంధ్రాలు ఉంటాయి, ఒక్కోటి మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఐదో వంతు. అంత ఒత్తిడికి ఎదురుగా, ఆ రంధ్రాలను మూసి ఉంచే సూది క్షణంలో లేవాలంటే కారు బ్యాటరీ 12 వోల్టులు చాలవు. కంప్యూటర్ లోపలే వోల్టేజిని 65 దాకా పెంచి ఒక్క కుదుపుతో తెరుస్తుంది. ఇలా ఒక్క చక్రంలోనే రెండు మూడు విడతలుగా చిమ్మవచ్చు. కారు ఆగి ఉన్నప్పుడు బానెట్ దగ్గర వినిపించే టికటిక శబ్దం ఈ ఇంజెక్టర్లదీ పంపుదీ. కొత్తగా కొన్నవారు దాన్ని లోపమనుకుని గ్యారేజీకి తీసుకెళ్లడం మామూలే.

యుద్ధ విమానం నుంచి కారు దాకా

స్వీడన్ ఇంజనీరు యూనస్ హెస్సెల్‌మన్ 1925లో ఇంధనాన్ని సిలిండర్‌లోకి చిమ్మి ప్లగ్గుతో అంటించే ఇంజిన్ రూపొందించాడు. అది లారీల్లో కొంతకాలం నడిచింది. ఈ పద్ధతికి అసలు పరీక్ష మాత్రం ఆకాశంలో జరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ మెసర్‌ష్మిట్ 109 విమానానికి అమర్చిన డైమ్లర్-బెంజ్ 601 ఇంజిన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి వెళ్లేది. బ్రిటిష్ స్పిట్‌ఫైర్, హరికేన్‌లలోని రోల్స్-రాయిస్ మెర్లిన్‌కు కార్బొరేటర్ ఉండేది. జర్మన్ పైలట్ ముక్కు కిందికి తోసి హఠాత్తుగా దూకితే అతని ఇంజిన్ నడుస్తూనే ఉండేది. వెంటబడిన బ్రిటిష్ విమానం కార్బొరేటర్‌లో పెట్రోల్ పైకి ఎగిరి, ఇంజిన్ దగ్గి, కొన్నిసార్లు ఆగిపోయేది. 1941లో బీట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు పెట్రోల్ ప్రవాహాన్ని అదుపు చేసే చిన్న రంధ్రపు బిళ్ల ఒకటి తయారు చేసి ఆ ఇబ్బందిని చాలావరకు తగ్గించింది. అయితే కార్బొరేటర్‌ను సమర్థించినవారి వాదన తీసిపారేయదగ్గది కాదు. సూపర్‌ఛార్జర్‌కు ముందే పెట్రోల్ ఆవిరైతే గాలి చల్లబడి చిక్కబడుతుందని వాళ్లనేవారు. ఇంధనం ఎక్కడ ఆవిరి కావాలన్న ఆ ప్రశ్నే అరవై ఏళ్ల తర్వాత కార్లలో మళ్లీ తలెత్తింది.

యుద్ధం ముగిశాక జర్మనీలో విమాన ఇంజిన్ల తయారీ ఆగిపోయింది. ఆ విద్య తెలిసినవారు కార్ల వైపు మళ్లారు. బాష్ పంపులతో గుట్‌బ్రోడ్ సుపీరియర్, గోలియత్ జీపీ 700 అనే రెండు చిన్న టూ-స్ట్రోక్ కార్లు 1950ల ఆరంభంలో వచ్చాయి. ఫోర్-స్ట్రోక్ కార్లలో మొదటిది 1954 నాటి మెర్సిడెస్-బెంజ్ 300 ఎస్‌ఎల్, రెక్కల్లా పైకి లేచే తలుపులున్న కారు. దాని మూడు లీటర్ల ఇంజిన్ 215 హార్స్‌పవర్ ఇచ్చేది. దానికో చిక్కు ఉండేది. తాళం తీసేసినా ఇంజిన్ పూర్తిగా ఆగేదాకా యాంత్రిక పంపు పెట్రోల్ చిమ్ముతూనే ఉండేది. ఆ పెట్రోల్ సిలిండర్ గోడల మీది నూనెను కడిగేసి ఆయిల్‌లో కలిసిపోయేది. ధనవంతుల కారుకు తరచూ ఆయిల్ మార్చడం పెద్ద లెక్క కాదు. మధ్యతరగతి కారుకు అది కుదరదు. 1967లో బాష్ డి-జెట్రానిక్ పేరుతో ఎలక్ట్రానిక్ పోర్టు ఇంజెక్షన్ తెచ్చాక కంపెనీల దృష్టి అటు మళ్లింది. ఫోర్డ్ 1970లలో ప్రోకో పేరుతో చేసిన డైరెక్ట్ ఇంజెక్షన్ ప్రయత్నం ఉత్పత్తి దాకా రాలేదు.

1996లో మిత్సుబిషి తన గాలంట్ కారులో 1.8 లీటర్ల జీడీఐ ఇంజిన్ పెట్టింది. కంప్యూటర్ అదుపులో నడిచే డైరెక్ట్ ఇంజెక్షన్ పెద్ద సంఖ్యలో తయారైన కారులోకి రావడం అదే మొదలు. వెంటనే టయోటా, ఆ తర్వాత రెనో, ఫోక్స్‌వాగన్ అందుకున్నాయి.

ఆశించింది ఒకటి, దక్కింది ఒకటి

మిత్సుబిషి ఆశ మైలేజి మీద. పెట్రోల్ పూర్తిగా మండాలంటే ఒక కిలోకు 14.7 కిలోల గాలి కావాలి. మామూలు ఇంజిన్ దాదాపు ఎప్పుడూ ఆ పాళ్లలోనే నడుస్తుంది. తక్కువ శక్తి చాలినప్పుడు గాలిని కూడా తగ్గించాలి, అందుకు థ్రాటిల్‌ను మూయాలి. మూసిన గొట్టం నుంచి గాలి పీల్చడానికే ఇంజిన్ తన శక్తిలో కొంత వృథా చేసుకుంటుంది. జీడీఐ ఈ కట్టుబాటును తప్పించబోయింది. గాలిని నిండుగా రానిచ్చి, పిస్టన్ పైకి వచ్చే చివరి క్షణంలో కొద్దిగా పెట్రోల్ చిమ్మి, గిన్నెలా గుంట తీసిన పిస్టన్ నెత్తి సాయంతో ఆ మేఘాన్ని ప్లగ్గు దగ్గరికి మళ్లించడం దాని ఉపాయం. ప్లగ్గు చుట్టూ మండగల మిశ్రమం, దాని చుట్టూ ఉత్త గాలి. మొత్తంగా చూస్తే ఒక భాగం పెట్రోల్‌కు 40 భాగాల గాలితో కూడా ఇంజిన్ నడిచేది. దీన్ని స్ట్రాటిఫైడ్ పద్ధతి అంటారు.

కాగితం మీద ఇది అద్భుతం. రోడ్డు మీద మాత్రం, నిదానంగా సమవేగంతో పోతున్నంతసేపే పనిచేసేది. ఊళ్లో ట్రాఫిక్‌లో, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ మళ్లీ మామూలు పాళ్లకు మారిపోయేది. చెప్పిన మైలేజికీ కొన్నవాళ్లకు వచ్చిన మైలేజికీ పొంతన ఉండేది కాదు. అంతకన్నా పెద్ద అడ్డంకి పొగ గొట్టం దగ్గర ఎదురైంది. గాలి మిగిలిపోయిన పొగలో మామూలు త్రీ-వే క్యాటలిస్ట్ నైట్రోజన్ ఆక్సైడ్లను విడగొట్టలేదు. వాటిని పట్టి ఉంచే ప్రత్యేక క్యాటలిస్ట్ కావాలి, అది గంధకం దాదాపు లేని పెట్రోల్‌తోనే బతుకుతుంది. భారతదేశంలో 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణం వచ్చేదాకా పెట్రోల్‌లో 50 పీపీఎం గంధకం ఉండేది. ఆ తర్వాతే అది 10కి తగ్గింది. 2006 ప్రాంతంలో మెర్సిడెస్, బీఎండబ్ల్యూ పీజో ఇంజెక్టర్లతో స్ట్రాటిఫైడ్ పద్ధతిని మరోసారి బతికించాయి గానీ, ఆ ఖర్చు చిన్న కారు మోయగలిగింది కాదు.

పద్ధతి నిలబడింది మరో కారణంతో. సిలిండర్ లోపల ఆవిరయ్యే పెట్రోల్ తనకు కావలసిన వేడిని గోడల నుంచి కాక అక్కడి గాలి నుంచే లాక్కుంటుంది. గాలి చల్లబడితే నాకింగ్, అంటే మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే పేలడం, తగ్గుతుంది. నాకింగ్ తగ్గితే కంప్రెషన్ పెంచవచ్చు, లేదా టర్బోతో గాలిని కుక్కవచ్చు. పోర్టు ఇంజెక్షన్ టర్బో ఇంజిన్లలో నాకింగ్ భయంతో కంప్రెషన్‌ను బాగా తగ్గించాల్సి వచ్చేది. దాంతో టర్బో తిరగనప్పుడు కారు నీరసంగా ఉండేది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఆ రాజీని చాలావరకు తీసేసింది. ఇంకో లాభం కూడా ఉంది. రెండు వాల్వులూ కాసేపు కలిసి తెరిచి ఉంచితే వచ్చే గాలి పాత పొగను బయటికి ఊడ్చేస్తుంది. పోర్టు పద్ధతిలో అలా చేస్తే గాలితోపాటు పెట్రోల్ కూడా బయటికి పోతుంది. ఇక్కడ పొగ వెళ్లే వాల్వు మూశాకే పెట్రోల్ వస్తుంది కాబట్టి పోయేది ఉత్త గాలే. తక్కువ వేగంలోనే టర్బో అందుకోవడానికి ఇది కారణం. 2004లో ఆడి రెండు లీటర్ల టీఎఫ్‌ఎస్‌ఐలో టర్బోనూ దీన్నీ జతచేసింది. ఆ తర్వాత ఈ రంగంలో జరిగింది చాలావరకు ఆ జత విస్తరణే. టర్బో లేకుండానే 14:1 కంప్రెషన్ దాకా వెళ్లిన మాజ్డా స్కైయాక్టివ్ అరుదైన మినహాయింపు.

పెనుకొండ, పన్ను, చిన్న ఇంజిన్

స్కోడా, ఆడి కార్ల ద్వారా ఈ ఇంజిన్లు ముందే దేశంలోకి వచ్చినా, సామాన్యులకు దగ్గరయింది 2013లో, ఫోర్డ్ ఎకోస్పోర్ట్ ఒక లీటరు ఎకోబూస్ట్‌తో, ఫోక్స్‌వాగన్ పోలో జీటీతో. తెలుగు నేల మీద డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ కార్ల తయారీ 2019లో కియాతో మొదలైంది. 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం కుదిరాక, అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 536 ఎకరాల్లో, 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏటా మూడు లక్షల కార్ల సామర్థ్యంతో కర్మాగారం లేచింది. విజయనగర రాజుల రెండో రాజధాని పక్కనుంచి 2019 ఆగస్టులో బయటికి వచ్చిన సెల్టోస్‌లో 1.4 లీటర్ల టి-జీడీఐ ఇంజిన్ ఒకటి, 140 పీఎస్‌ది. 2023లో దాని స్థానంలోకి 160 పీఎస్‌ల 1.5 లీటర్ల టి-జీడీఐ వచ్చింది.

పోర్టు ఇంజెక్షన్, డైరెక్ట్ ఇంజెక్షన్ రెండూ ఒకే కారులో ఒకే ఫ్యాక్టరీ నుంచి రావడం పోలికకు మంచి అవకాశం. 2020 నాటి కియా సోనెట్‌లో పోర్టు ఇంజెక్షన్ ఉన్న 1.2 లీటర్ల ఇంజిన్ 83 పీఎస్, 115 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. దానికన్నా చిన్నదైన 998 సీసీల టర్బో జీడీఐ 120 పీఎస్, 172 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, ఆ టార్క్ కూడా 1,500 చుట్ల నుంచే అందుతుంది. వాడుకలో పికప్ అనేది ఇదే. ఈ తేడాలో టర్బో వాటా పెద్దదే. ఆ టర్బోకు చిన్న ఇంజిన్‌లో చోటిచ్చింది మాత్రం డైరెక్ట్ ఇంజెక్షన్.

చిన్న కార్లలో ఈ ఇంజిన్లు ఒక లీటరు, 1.2 లీటర్ల దగ్గరే ఎందుకు ఆగాయన్న ప్రశ్నకు జవాబు ఇంజనీరింగ్‌లో సగమే దొరుకుతుంది. 2006 నుంచి భారత పన్ను చట్టం నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉన్న కారును చిన్న కారుగా లెక్కగట్టి తక్కువ పన్ను వేస్తోంది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మార్చినప్పుడూ ఈ గీత చెరగలేదు: గీతకు ఇవతల 18 శాతం, అవతల 40 శాతం. కొనేవాడికి పెద్ద కారు పికప్ కావాలి, పన్ను చిన్న కారుది కావాలి. ఆ రెంటికీ మధ్య ఇమిడినవి సోనెట్ 998 సీసీ ఇంజిన్, మహీంద్రా 1.2 లీటర్ల ఎంస్టాలియన్ టీజీడీఐ లాంటివి. యూరప్‌లో కర్బన నిబంధన చేసిన పని ఇక్కడ పన్ను పట్టిక చేసింది.

ఇథనాల్ కలిసిన పెట్రోల్

కామ్‌షాఫ్ట్‌లు పోతపోసే సోలాపూర్‌లోనే సిద్ధేశ్వర్ సహకార చక్కెర కర్మాగారం కూడా ఉంది. చెరకు బండ్లతో నిండే అలాంటి కర్మాగారాలకు ఆ జిల్లా పెట్టింది పేరు. చెరకు నుంచి వచ్చే ఇథనాల్‌ను 20 శాతం కలిపిన పెట్రోల్ 2023 ఫిబ్రవరి నుంచి దేశంలో అమ్మకానికి వచ్చింది. డైరెక్ట్ ఇంజెక్షన్‌కూ ఇథనాల్‌కూ బాగా పొసగుతుంది. కిలో పెట్రోల్ ఆవిరి కావడానికి సుమారు 350 కిలోజౌళ్ల వేడి కావాలి, కిలో ఇథనాల్‌కు అంతకు రెట్టింపు కన్నా ఎక్కువ. పైగా దాని ఆక్టేన్ 108 దాకా ఉంటుంది. సిలిండర్ లోపల చిమ్మితే చల్లదనం మొత్తం గాలికే దక్కుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే సోలాపూర్, రాయలసీమ వేడిలో ఇది చిన్న లాభం కాదు. నష్టమూ ఉంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా సుమారు మూడో వంతు తక్కువ, కాబట్టి అదే దూరానికి ఎక్కువ ఇంధనం చిమ్మాలి. అధిక కంప్రెషన్‌కు తగ్గట్టు తీర్చిన ఇంజిన్ మాత్రమే ఆ లోటులో కొంత పూడ్చుకోగలదు.

ఇబ్బందులు

మొదటిది కార్బన్ పట్టడం. పోర్టు పద్ధతిలో పెట్రోల్ వాల్వుల వెనక భాగాన్ని ఎప్పటికప్పుడు కడుగుతూ ఉంటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో వాల్వుకు పెట్రోల్ తగలదు. క్రాంక్ కేసు నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి అక్కడ పేరుకుని, వేడికి గట్టిపడి, గాలి దారిని ఇరుకు చేస్తుంది. పెట్రోల్‌లో కలిపే క్లీనింగ్ రసాయనాలు అక్కడికి చేరవు కాబట్టి వాటితో లాభం లేదు. గొట్టం విప్పి, అక్రోట్ పెంకుల పొడిని గాలితో కొట్టి శుభ్రం చేయడం తెలిసిన వైద్యం. టయోటా 2005లో డి-4ఎస్ పేరుతో ఒకే ఇంజిన్‌కు రెండు రకాల ఇంజెక్టర్లూ పెట్టింది. అది ఖరీదైనదే గానీ, మొత్తం మీద ఈ సమస్యకు ఇంతకన్నా మంచి జవాబు రాలేదు.

రెండోది మసి కణాలు. ఆవిరి కావడానికి సమయం చాలక పిస్టన్ మీదో గోడ మీదో తడిసిన పెట్రోల్ మసిగా మండుతుంది. పొద్దున్నే చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు ఇది ఎక్కువ. పెట్రోల్ కార్లు శుభ్రమైనవి, డీజిల్ కార్లే మసివి అన్న నమ్మకాన్ని ఇది దెబ్బతీసింది. యూరప్ ఈ ఇంజిన్లకు కిలోమీటరుకు 60,000 కోట్ల కణాలన్న పరిమితిని 2017 నుంచి అమలు చేసింది. అక్కడ చాలా కార్లకు పొగ గొట్టంలో వడపోత డబ్బా వచ్చింది. బీఎస్-6లో కూడా పెట్రోల్ కార్లలో కణాల లెక్క ఉన్నది డైరెక్ట్ ఇంజెక్షన్ కార్లకే. ఒత్తిడి 200 నుంచి 350 బార్లకు పెరగడానికి ప్రధాన కారణం ఈ నియమాలే.

మూడోది చిన్న టర్బో ఇంజిన్లది. తక్కువ వేగంలో, ఎక్కువ బరువు లాగుతున్నప్పుడు ప్లగ్గు వెలగకముందే మిశ్రమం ఒక్కసారిగా పేలుతుంది. ఒక్క దెబ్బకు పిస్టన్ విరిగిన సందర్భాలున్నాయి. పెట్రోల్ చుక్కలతో పలచబడ్డ ఆయిల్ ఇందుకు ఒక కారణమనీ, ఆయిల్‌లో కలిపే కాల్షియం దీన్ని పెంచుతుందనీ తేలింది. కాల్షియం తగ్గించి మెగ్నీషియం పెంచిన ఆయిళ్లకు 2018లో ఎస్‌ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ అన్న ప్రమాణాలు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఇచ్చింది. టర్బో జీడీఐ కారుకు చవక ఆయిల్ పోయడం తప్పుడు పొదుపు.

గ్యారేజీలో

మామూలు పెట్రోల్ కారులో పైపు ఊడదీస్తే కాస్త పెట్రోల్ కారుతుంది. ఇక్కడ రైలులో వందల బార్ల ఒత్తిడి నిలిచి ఉంటుంది. ఆ ధార చర్మంలోకి దిగగలదు. ఇంజిన్ ఆపి, స్కానర్‌లో ఒత్తిడి పడిపోయిందని చూసుకున్నాకే బోల్టు మీద చెయ్యి వేయాలి. విప్పిన హై ప్రెషర్ పైపును చాలా కంపెనీలు మళ్లీ వాడనివ్వవు, కొత్తది వేయమంటాయి. ఇంజెక్టర్ మార్చితే దాని కొలత సంఖ్యను కంప్యూటర్‌కు నేర్పాల్సిన కార్లూ ఉన్నాయి.

సీఎన్‌జీ కిట్ విషయంలోనూ ఈ ఇంజిన్లకు పోర్టు ఇంజిన్లకున్న సౌలభ్యం లేదు. ఇంజెక్టర్ కొన మంటలోనే ఉంటుంది. దాన్ని చల్లబరిచేది దానిగుండా పోయే పెట్రోలే. కారు పూర్తిగా గ్యాస్ మీద నడిస్తే ఆ కొన కాగి, రంధ్రాలు పూడుకుపోతాయి. అందుకని వీటికి చేసిన కిట్లు గ్యాస్‌తోపాటు కొంత పెట్రోల్‌ను కూడా చిమ్మిస్తూనే ఉంటాయి, ఆదా ఆ మేరకు తగ్గుతుంది. టర్బో ఉన్న టాటా నెక్సాన్ సీఎన్‌జీలో ఉన్నది కూడా డైరెక్ట్ ఇంజెక్షన్ హైపీరియన్ కాదు, పోర్టు ఇంజెక్షన్‌తో నడిచే 1.2 లీటర్ల రెవోట్రాన్ ఇంజిన్.